పొత్రం కింద మూడో వాచకం

ఆ ఏడు ఉగాది వెళ్ళిన వారానికి పెడనలో మగ్గాలు ఆపించాం. ఆపించినవాళ్ళలో నేనొకదాన్ని. నేయించుకునే షావుకార్లు కూలి పెంచేదాకా ఎవడూ మగ్గం గుంటలోకి దిగడానికి వీల్లేదని వీధి మొగలో నిలబడి చెప్పాను. మైకు లేదు, అక్కర్లేదు కూడా. వీరలక్ష్మి గొంతు వినపడని కొంప ఈ వీధిలో లేదని మా ఆయన పున్నారావు అంటూ ఉంటాడు. అది మెచ్చుకోలు కాదు.

మర్నాడు పొద్దున గుడివాడ బండి దిగి ధనుంజయరావు మాస్టారు మా ఇంటికి వచ్చారు. గుడివాడలో మిషన్ వాళ్ళు నడిపే గుడ్డిపిల్లల బడికి ఆయన హెడ్మాస్టరు. ఆయనకీ చూపు లేదు. జట్కావాడు చెయ్యి పట్టుకుని తెచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టాడు.

"భ్రమరాంబ ఉందా అమ్మా?"

భ్రమరాంబ మా ఆయన చెల్లెలు. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. ఆయన బడిలోనే చదువుకుంది. చదువయ్యాక ఇంటికొచ్చి కండెలు చుడుతోంది. మగ్గం ఆడుతున్నంతసేపూ పేక నూలు చుట్టిన కండెలు ఒకదాని వెనక ఒకటి నేతగాడి చేతికి అందుతూ ఉండాలి. అందకపోతే మగ్గం నిలబడిపోతుంది. మా వీధుల్లో అది ఆడవాళ్ళ పని. మగవాడు రాట్నం ముందు కూర్చుంటే ఆ ఇంట్లో ఆడదాని గురించి పదిమంది పది రకాలుగా అనుకుంటారు. మా ఇంట్లో రాట్నం భ్రమరాంబది. ఆమె కూర్చుంది కాబట్టే నేను జెండా పట్టుకుని ఊరు తిరిగాను.

మాస్టారు సంచిలోంచి మూడో వాచకం తీశారు. కళ్ళున్న పిల్లలు చదివే మామూలు అచ్చు పుస్తకం.

"మన బడిలో ఉన్న చుక్కల వాచకం అరిగిపోయిందమ్మాయ్. పిల్లల వేళ్ళు రాసుకుని రాసుకుని అన్నీ నున్నగా అయిపోయాయి. అచ్చువి ఉత్తరాది నుంచి రావాలి. తెలుగువి ఎప్పటికి వేస్తారో, ఎప్పటికి పంపుతారో ఆ దేవుడికే తెలియాలి. చేత్తో రాయాల్సిందే. బళ్ళు తెరిచేలోగా మొత్తం తప్పుల్లేకుండా రాసి తెస్తే చిన్న తరగతులకి టీచరుగా తీసుకుంటామని కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు. ఉండటానికి బళ్ళోనే గది ఇస్తారు. నువ్వు కాదంటే బెజవాడ నుంచి ఒకాయన కాచుకుని ఉన్నాడు."

"కాదని ఎవరన్నారండీ?" అంది భ్రమరాంబ.

"మీ ఇంట్లోవాళ్ళు ఏమంటారో మరి."

మా ఆయన గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. సమ్మె కాబట్టి తీరిగ్గా ఉన్నాడు, తీరిగ్గా ఉన్న మగాడికి ఔదార్యం ఎక్కువ. "మాదేముందండీ. మగ్గమే లేనప్పుడు కండెలెందుకు? సమ్మె నడిచినన్నాళ్ళూ రాసుకోమనండి" అన్నాడు.

భ్రమరాంబ లోపలికి వెళ్ళి తన పలక తెచ్చుకుంది. పలకంటే సుద్దతో రాసేది కాదు. పీట చెక్కంత కర్ర. రెండు అంచుల పొడుగునా చిన్న చిన్న బెజ్జాలు. ఆ బెజ్జాల్లో బిగించేందుకు గళ్ళు తొలిచిన ఇత్తడి పట్టీ. పట్టీ కిందికి కాయితం దూర్చి, కర్ర బుడిపె ఉన్న చిన్న ఇనుప ములికితో గడిలో నొక్కుతూ పోవాలి. గడికి ఆరు చుక్కలు పడతాయి. ఆ ఆరింట్లో ఏవి నొక్కామన్నదాన్ని బట్టి అది కకారమో గకారమో అవుతుంది. వరస నిండాక పట్టీని కింది బెజ్జాల్లోకి జరుపుకోవాలి. నొక్కింది అవతలివైపు పొంగుతుంది కాబట్టి కుడి నుంచి ఎడమకి తిరగేసి రాసి, కాయితం బోర్లించి ఎడమ నుంచి కుడికి చదవాలి. మా పక్కింట్లో గుడ్డల మీద అద్దకం వేసేవాళ్ళు అచ్చుని తిరగేసి చెక్కిస్తారు, అలాగన్నమాట. ములికి కొన మొద్దుగా ఉండాలి. పదునైతే కాయితం చిల్లి పడి చుక్క నిలవదు.

మాస్టారు పలకని తడిమి చూశారు. "ఇంకా దాచుకున్నావా?"

"దాచుకోవడమేమిటండీ. దిండు కిందే ఉంటుంది."

ఆయన మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయారు.

కాయితంతో పేచీ వచ్చింది. ఆ రాతకి దళసరి కాయితం కావాలి. అది బందరులో దొరుకుతుంది గాని సమ్మెలో ఉన్న ఇంటికి దొరకదు. మా నేతపనివాళ్ళ సంఘం ఆఫీసులో తేదీ తప్పు పడిన గోడపత్రికలు ఒక కట్ట మూలన పడి ఉంది. ఒకవైపు ఎర్ర సిరాతో మా కోర్కెలు, రెండోవైపు తెలుపు. అడక్కుండానే నెత్తిన పెట్టుకుని తెచ్చేశాను. అవి పలచన. భ్రమరాంబ ఒకదాన్ని నొక్కి చూసి చింపేసింది.

అప్పుడు మా ఆయన బుర్ర పనిచేసింది. నూలుకి గంజి పెట్టి బిరుసెక్కించడం పుట్టినప్పటి నుంచీ ఆయనకి తెలిసిన విద్య. నూకలు ఉడికించి పలచగా గంజి వార్చాడు. రెండు పత్రికలు తీసుకుని అచ్చు ఉన్న వైపులు లోపలికి పెట్టి అతికించాడు. పడుగు మీద గంజి సర్దే కుంచెతో గాలి బుడగ లేకుండా దువ్వాడు. అరుగు మీద నీడన ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగానే చెక్క కింద పెట్టి దాని మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించాడు. ఒక రోజు గడిచాక తీస్తే అట్టలా వచ్చింది. భ్రమరాంబ నొక్కి, బోర్లించి వేలు పెట్టి చూసింది.

"నిలిచింది అన్నయ్యా."

"నిలవదూ? మీ బడికి ఇలాంటి కాయితం ఏ దొరా పంపించి ఉండడు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన సమ్మెలో ఉన్న మనిషిలా లేడు. పొద్దున్నే లేచి గంజి, కుంచె, చెక్క, పొత్రం. మా పికెటింగుకి రమ్మంటే "నాకు పనుంది, మీరు కానివ్వండి" అనేవాడు.

నేను పొద్దున షావుకార్ల ఇళ్ళ ముందు కూర్చుని, ఎండ నెత్తికెక్కాక ఇంటికొచ్చి వాచకం చదివి వినిపించేదాన్ని. నాకు బడి లేదు. గోడల మీద రాసినవి చూసి కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. చదివింది ఆవిడ ములికితో టకటకా దించేది. ఇల్లంతా అదే చప్పుడు. మగ్గం చప్పుడు అలవాటైన చెవులకి మొదట్లో అది ఏదో ఎలుక కొరుకుతున్నట్టుండేది.

పక్కింటి రత్నకుమారి ఒకరోజు నూనె బదులుకి వచ్చి కాయితాలు చూసింది. గంజికి లోపలి ఎర్ర సిరా ఊరి తిరగబడిన అక్షరాలు పైకి కనపడుతున్నాయి.

"ఇదేంటి వీరలక్ష్మీ, పిల్లకాయల వాచకం నిండా మీ సమ్మె మాటలే ఉన్నాయి? బడివాళ్ళు ఊరుకుంటారా?"

భ్రమరాంబ తలెత్తకుండా అంది, "ఏ పిల్లకి కనపడుతుంది రత్నా?"

రత్నకుమారి నూనె సంగతి మర్చిపోయి వెళ్ళింది.

వాచకంలో "మంచి పనివాడు" అని ఒక పాఠం ఉంది. సోమయ్య అనేవాడు యజమాని మాటకి ఎదురు చెప్పకుండా పగలూ రాత్రీ పని చేస్తాడు. యజమాని సంతోషించి కొత్త బట్టలు పెడతాడు. ఆ ఉదయమే ఒక షావుకారు తన గుమాస్తా చేత మా మీద పేడనీళ్ళు పోయించాడు. తల స్నానం చేసి, తడి జుట్టుతోనే కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

"యజమాని మాట నమ్మక, సోమయ్య తోటివారిని కూడగట్టెను."

టకటక ఆగింది.

"అలా లేదు వదినా."

"నీకెలా తెలుసు?"

"ఈ వాచకం నేను చదువుకున్నదే. పాఠాలన్నీ అప్పగించలేను గాని సోమయ్య గుర్తున్నాడు. వాడికి బట్టలు పెడతారు."

"పెట్టరు. ఏ షావుకారూ ఎవడికీ పెట్టలేదు."

"పెట్టకపోతే పెట్టకపోయాడు. పుస్తకంలో పెట్టాడు కదా? తప్పు పడితే ఒక్కో చుక్కా గోటితో అణచుకోవాలి, నా ప్రాణం మీదికొస్తుంది. ఉన్నది చదువు. సోమయ్య సంగతి నేను టీచరునయ్యాక పిల్లలతో మాట్లాడతాలే."

ఉన్నదే చదివాను. బట్టలు పెట్టించాను. చదువుతున్నంతసేపూ నా నోరు చేదుగానే ఉంది.

రోహిణి కార్తె ఎండలకి వీధిలో జనం పలచబడ్డారు. ఇళ్ళలో గింజలు అయిపోయాయి. నూకల జావలో గోంగూర నంజుకుని బతికాం. కొందరు ముదినేపల్లి వైపు చేపల చెరువులు తవ్వే పనికి పోయారు, కొందరు గిలకలదిండి వెళ్ళి వలలు బాగుచేసే పని అడిగారు. చివరికి షావుకార్లు మేం అడిగినదాంట్లో సగానికి దిగొచ్చారు. నేను వద్దన్నాను. సంఘం మీటింగులో చేతులెత్తమంటే నాతో కలిసి చేతులెత్తినవాళ్ళు ఒక అరుగు మీద సరిపోతారు. సమ్మె విరమించాం. సోమవారం నుంచి మగ్గాలు ఆడాలని తీర్మానం.

దానికి ముందు శుక్రవారం నాడే భ్రమరాంబ వాచకం పూర్తి చేసింది. చివరి కాయితం పట్టీలోంచి లాగి, కట్ట మీద పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వేలితో చదివింది. తప్పులు దొరకలేదు. ఆదివారం బండికి గుడివాడ వెళ్దామని అనుకున్నాం. నేను విరమణ గొడవల్లో ఉండి ఆ రెండు రోజులూ ఇంటిపట్టున లేను. భ్రమరాంబ కూడా నాగులమ్మ పుంతలో ఉండే మేనత్తకి బాగాలేదంటే శనివారం వెళ్ళి ఆ రాత్రి అక్కడే ఉంది. ఆ రోజే అకాల వాన ఒకటి కురిసి వెలిసింది.

ఆదివారం పొద్దున భ్రమరాంబ వచ్చి కట్ట కోసం అరుగు గది గూట్లో తడిమింది. లేదు.

"అన్నయ్యా, నా కాయితాలు ఏవీ?"

"భద్రంగా పెట్టానమ్మాయ్, ఉండు" అని మా ఆయన మూలకి వెళ్ళి పొత్రం దించాడు. చెక్క ఎత్తాడు. దాని కింద ఉంది మూడో వాచకం.

మాకొక పద్ధతి ఉంది. మగ్గం మీంచి కోసిన చీరని షావుకారుకి తీసుకెళ్ళే ముందు మడత పెట్టి, చెక్క కింద బరువు పెడతాం. ముడత కనిపిస్తే వాడు కూలి కోస్తాడు. పనిని ఇంట్లోంచి బయటికి పంపేటప్పుడు అది చదునుగా, నలగకుండా, అంచులు కలిసి ఉండాలి. పెడనలో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

భ్రమరాంబ పై కాయితం తీసుకుంది. వేలు పెట్టింది. ఇంకోసారి పెట్టింది. మధ్యలోంచి ఒకటి లాగింది. అడుగునుంచి ఒకటి లాగింది. మా ఆయన పక్కన నిలబడి చూస్తున్నాడు, కొత్త చీర విప్పుతుంటే నేసినవాడు చూసినట్టు.

"వానకి చెమ్మ ఎక్కి కట్ట ఉబ్బిపోయి ఉందమ్మాయ్. అలా పట్టుకెళ్తే బావుండదని పొత్రం ఎక్కించాను. ఎంత చక్కగా అణిగిందో చూశావా?"

నేను ఆమె చేతిలో కాయితం లాక్కుని వెలుతురుకి పెట్టాను. చుక్కలు ఉన్నచోట కాస్త మచ్చల్లా కనపడుతున్నాయి. వేలికి మాత్రం గోడకి వేసిన సున్నంలా ఉంది.

"అది ఉబ్బు కాదయ్యా, అదే రాత" అన్నాను.

మా ఆయన నా మొహం కేసి చూశాడు, తర్వాత చెల్లెలి చేతి కేసి చూశాడు. కుంచెతో దువ్విన చెయ్యి, గంజి వార్చిన చెయ్యి, అన్నీ ఆయనవే. ఇంత కాలం కాయితాలు చేసి ఇచ్చాడు గాని రాసినదాని మీద ఒక్కసారి వేలు పెట్టి చూడలేదు. ఆయనకి ఆ అవసరం తోచలేదు. దించిన పొత్రాన్ని మళ్ళీ ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకున్నాడు.

"బళ్ళు ఎప్పుడు తెరుస్తారు వదినా?" అని అడిగింది భ్రమరాంబ.

"మృగశిర వెళ్ళాక. ఇంకో పక్షం ఉందేమో."

ఆమె కట్టని అలాగే చెక్క మీద పెట్టేసి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. ఆ ఆదివారం గుడివాడ ప్రయాణం ఆగిపోయింది.

సోమవారం ఊరంతా మగ్గాలు ఆడాయి. ఎన్నాళ్ళకో విన్న చప్పుడు. మా ఆయన గుంటలోకి దిగి, పడుగు సర్దుకుని, కండె వేసి విసిరే నాడెని చేతిలోకి తీసుకున్నాడు. ముందు నుంచీ మిగిలిన కండెలు నాలుగో ఐదో ఉంటే అవి అయిపోయాయి.

"అమ్మాయ్, కండె."

భ్రమరాంబ గోడ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో పలక ఉంది. ఇత్తడి పట్టీని బెజ్జాల్లో బిగిస్తోంది.

"అమ్మాయ్, నిన్నే."

"నేను చుట్టను అన్నయ్యా."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. వదినా, మీ సమ్మె అయిపోయిందిగా? నాది ఇవాళ మొదలు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మా ఆయన గుంటలోంచే నా మీద లేచాడు. "చూడు, ఊరి మీద విత్తనాలు చల్లావు, ఇంట్లో మొలిచింది. నువ్వే చెప్పు దానికి."

చెప్పడానికి కూర్చున్నాను. నాకు చేతనైంది అదొక్కటే.

"చూడు భ్రమరా, సమ్మె అంటే పదిమంది కలిసి చేసేది. ఒక్కళ్ళు చేస్తే దాన్ని మొండితనం అంటారు."

"మీరు మొదలుపెట్టినప్పుడు ఎంతమంది వదినా? నువ్వూ, పక్కింటి అద్దకం ముసలాయనా. ఇద్దరేగా?"

"మేం ఎవరి మీద చేశాం? షావుకారు మీద. ఇక్కడ షావుకారెవరు?"

"కండె అడిగేవాళ్ళు."

మా ఆయనకి మండింది. "మగ్గం ఆగితే ఏం తింటావే?"

"సమ్మెలో ఏం తిన్నామో అదే తింటాను. మీరందరూ తిన్నదేగా."

అద్దకం ముసలాయనతో మొదలుపెట్టినప్పుడు షావుకారు గుమాస్తా మమ్మల్నీ ఏం తింటారనే అడిగాడు. మేం ఇంత చక్కటి జవాబు చెప్పలేదు.

"సరే, నీ కోర్కెలేమిటి?" అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసింది.

ఆమె ముందే అనుకుని ఉంది. "వాచకం రెండోసారి పూర్తయ్యేదాకా నన్ను రాట్నం అడక్కూడదు. పగలంతా నువ్వు చదవాలి, ఎండ తిరిగాక వచ్చి చదివితే పక్షానికి తెమలదు. బడివాళ్ళు తీసుకుంటే నేను వెళ్తాను, అప్పుడు ఎవరూ ఏడవకూడదు. కాయితాలు అన్నయ్యే చెయ్యాలి. రాసిన తర్వాత వాటి దగ్గరికి రాకూడదు."

"సగానికి రా" అన్నాను.

"ఏ సగం వదినా? సగం వాచకం రాస్తే సగం టీచరు పని ఇస్తారా?"

మా ఆయన గుంట అంచు మీద చేతులు ఆన్చుకుని వింటున్నాడు. "మిగిలిన పత్రికలు ఉన్నాయా?" అని అడిగాడు నన్ను.

"ఉన్నాయి."

"నూకలు?"

"గుప్పెడు ఉంటాయి."

ఆయన గుంటలోంచి పైకొచ్చి పొయ్యి రాజేశాడు. ఒప్పందం అయినట్టే. సంతకాల్లేవు.

ఇక కండెలు నా మెడకి పడ్డాయి. ఆ పక్షం రోజులూ నేను రాట్నం ముందు కూర్చున్నాను. ఎదురుగా రోలు మీద వాచకం తెరిచి పెట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేత్తో నూలు పడుతూ, నోటితో పాఠం చదివేదాన్ని. అక్షరం కేసి చూస్తే నూలు తెగేది, నూలు కేసి చూస్తే వాక్యం తప్పేది. నా కండెలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. మా ఆయన నాడెలో వేసుకుంటే మధ్యలో చిక్కుపడి ఆగిపోయేవి.

"ఇది కండెనా, కాకరకాయా?"

"నేసుకో. ఊళ్ళో వాళ్ళెవరూ నీ నాడెలోకి తొంగి చూడటం లేదు."

సంఘం నుంచి నాగేశ్వరరావు వచ్చాడు. "మీటింగుకి రావేం అక్కా? అవనిగడ్డ నుంచి వాళ్ళు కూడా వస్తున్నారు, నువ్వు మాట్లాడాలి."

"మా ఇంట్లో సమ్మె నడుస్తోంది. అది తేలాక వస్తాను."

"ఎవరు చేస్తున్నారు?"

గోడ దగ్గర టకటకలాడిస్తున్న మనిషిని చూపించాను. వాడు అటు చూసి, చెప్పులేసుకుని, "ఎవరు గెలుస్తున్నారు?" అన్నాడు.

"చూస్తే తెలీటం లేదూ?"

భ్రమరాంబ రెండోసారి రాసినప్పుడు మొదటిసారిలా కూనిరాగాలు లేవు. పడుకునేటప్పుడు రాసిన కాయితాలని పక్క మీద పెట్టుకుని తను చాప మీద పడుకునేది. మా ఆయన వాటి దరిదాపులకి రాలేదు. గంజి పెట్టిన కొత్త కాయితం ఇవ్వాల్సి వస్తే గుమ్మం అవతలే నిలబడి, నా చేతికిచ్చి పంపేవాడు. అన్నాచెల్లెళ్ళు ఆ పక్షంలో నేరుగా మాట్లాడుకున్నది తక్కువ.

బళ్ళు తెరవడానికి రెండు రోజుల ముందు వాచకం అయింది. కాయితాలు నలగకుండా భ్రమరాంబే వెదురు బుట్టలో నిలువుగా సర్దుకుంది. తెల్లారి పెడనలో బండెక్కాం. మా ఆయన స్టేషన్ దాకా బుట్ట మోసుకొచ్చాడు. గుండెలకి ఆనించుకోకుండా, చేతులు ముందుకి చాపి, పసిపిల్లకి నలుగు పెట్టి తీసుకెళ్ళేవాడిలా మోశాడు. బండి కదిలేటప్పుడు "ఆ మాస్టారికి చెప్పవే, కాయితం నేను చేశానని" అన్నాడు నాతో.

గుడివాడలో మాస్టారు కాయితాలు బల్ల మీద పేర్పించుకున్నారు. కమిటీ తరఫున ఒక పాదిరిగారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మాస్టారు రెండు చేతులతో చదివారు, కుడి వేలు ముందు పోతుంటే ఎడమ వేలు దాని వెనక వరస వెతుక్కుంటూ. ఒక్కోచోట ఆగేవారు. ఆగినప్పుడల్లా నేను కొంగు బిగించుకున్నాను. షావుకారు ఇంటి ముందు పోలీసులొచ్చిన నాడు కూడా నాకు అంత ఇదిగా లేదు. భ్రమరాంబ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

చాలాసేపటికి ఆయన తలెత్తారు.

"అమ్మాయ్, ఇంత గట్టిగా నొక్కావేం? ఎవరి మీదో కోపంగా రాసినట్టుంది."

"అవునండి."

"మంచిదే. పిల్లలు పదేళ్ళు చదివినా అరగదు." తర్వాత పాదిరిగారి కేసి తిరిగి, "తప్పుల్లేవండి" అన్నారు.

పాదిరిగారు ఏదో రాసుకుని, ఎప్పటి నుంచి వస్తావని అడిగారు.

"వచ్చేశానండి" అంది భ్రమరాంబ.

అప్పుడు చూశాను. బుట్ట అడుగున ఆవిడ రెండు చీరలూ, దువ్వెనా, మంచినీళ్ళ చెంబూ ఉన్నాయి.

"ఇంటికొచ్చి ఈ రాత్రి ఉండి వద్దువుగాని" అన్నాను వరండాలోకి వచ్చాక.

"వస్తే అన్నయ్య మొహం వినాలి వదినా. ఊరుకుంటాడుగా, అది వినలేను. నువ్వు వెళ్ళు, బండికి వేళవుతోంది."

"ఏమని చెప్పను?"

"కాయితం బాగుందన్నారని చెప్పు."

"మాస్టారు అలా అనలేదుగా."

"నేనంటున్నాను."

ఒక్కదాన్నే బండెక్కాను. పెడనలో దిగేసరికి పొద్దు వాలుతోంది. వీధి పొడుగునా మగ్గాలు ఆడుతున్నాయి. మా ఇంట్లో చప్పుడు కూడా వినిపించింది.

గుమ్మంలో నా ఒక్కదాని అడుగులే వినపడ్డాయి కాబోలు, గుంటలోంచి తలెత్తి చూశాడు.

"తీసుకున్నారా?"

"తీసుకున్నారు. ఉండిపోయింది."

"ఊఁ."

"కాయితం బాగుందంది."

ఆయన నాడె విసిరాడు. మళ్ళీ విసిరాడు. నాలుగు పోగులు పడ్డాక నాడె ఒట్టిదైపోయింది, కండె అయిపోయింది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని రాట్నం వైపు నడిచాను. నా కన్నా ముందే ఆయన గుంటలోంచి పైకొచ్చాడు. రాట్నాన్ని వెలుతురు కోసం వీధి గుమ్మానికి దగ్గరగా లాక్కుని, మఠం వేసుకుని కూర్చున్నాడు. నూలు చిలప విప్పి కొన వెతికాడు.

వీధిలో జనం పోతున్నారు. ఎదురింటి అరుగు మీద ముగ్గురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను తలుపు జేరవేయబోయాను.

"ఉండనీ. గాలి రానీ" అన్నాడు.

తలుపు వదిలేశాను. సంఘం మీటింగుకి ఇంకా వేళ మించలేదు. కాళ్ళు కడుక్కుని బయల్దేరాను.